ఆట మీద కోపం, మనిషి మీద కసి

2025 జులై 17 రాత్రి జ్యూరిక్‌లో స్వీడన్‌తో జరిగిన మహిళల యూరో ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్‌లో ఇంగ్లండ్ రెండో నిమిషంలోనే గోల్ సమర్పించుకుంది. డిఫెండర్ జెస్ కార్టర్ తమ గోల్‌కు దగ్గరలోనే ఇచ్చిన పాస్ గురి తప్పింది. స్వీడన్ వాళ్లు దాన్ని అందుకున్నారు, కొసొవారె అస్లానీ గోల్ కొట్టింది. 25వ నిమిషంలో స్టీనా బ్లాక్‌స్టేనియస్ రెండో గోల్ చేసింది. 70 నిమిషాల దాకా ఇంగ్లండ్ ఆటలో పస లేదు. అప్పుడు కోచ్ సరీనా వీగ్‌మన్ కార్టర్‌ను బయటికి పిలిచి ఎస్మీ మోర్గాన్‌ను దింపింది, దాడికి 19 ఏళ్ల మిషెల్ అజెమాంగ్‌ను పంపింది. 79వ నిమిషంలో లూసీ బ్రాంజ్, 81వ నిమిషంలో అజెమాంగ్ గోల్ చేసి లెక్క సరిచేశారు. అదనపు సమయంలో ఎవరికీ గోల్ దక్కలేదు. ఇక పెనాల్టీ షూటౌట్ సంగతి: రెండు జట్లూ కలిసి 14 కిక్‌లు కొడితే గోల్‌లో పడ్డవి 5, పోయినవి 9. అప్పటికే ఇంగ్లండ్ కిక్‌లు మూడింటిని ఆపిన స్వీడన్ గోల్ కీపర్ జెనిఫర్ ఫాల్క్, తమ ఐదో కిక్ తానే తీసుకుంది. అది పడితే స్వీడన్ సెమీఫైనల్‌కు వెళ్లేది. బంతి గోల్ మీదుగా పోయింది. చివరికి 18 ఏళ్ల స్మిల్లా హోల్మ్‌బెర్గ్ కిక్ కూడా పైకి లేచిపోవడంతో ఇంగ్లండ్ 3-2తో గట్టెక్కింది.

ఆ రాత్రి అభిమానుల స్పందన రెండు దారుల్లో పోయింది. షూటౌట్ చూసినవాళ్లలో చాలామంది నవ్వారు. కొందరి నవ్వు ఆ నాటకీయతకు, కొందరిది మాత్రం ‘ఆడవాళ్ల ఫుట్‌బాల్ అంటే ఇంతేగా’ అన్న వెక్కిరింత. రెండో దారి మరీ చెడ్డది. కార్టర్ సోషల్ మీడియా ఖాతాల్లోకి చొరబడి ఆమె ఒంటి రంగును, రూపాన్ని తిట్టారు. మూడు రోజుల తర్వాత కార్టర్ ఒక ప్రకటన చేసింది. టోర్నీ మొదటినుంచీ తనకు జాత్యహంకార దూషణలు వస్తూనే ఉన్నాయని, ఇక సోషల్ మీడియాకు దూరంగా ఉంటానని చెప్పింది. అందులోనే ఆమె అన్న మరో మాట ఎక్కువమంది పట్టించుకోలేదు. తన ఆట గురించి, ఫలితం గురించి ఏ అభిప్రాయమైనా చెప్పే హక్కు ప్రతి అభిమానికీ ఉందని ఆమె ఒప్పుకుంది. ఒకరి రంగు మీద, రూపం మీద పడటాన్ని మాత్రమే తప్పుపట్టింది. అభిమానం ఎక్కడ ఆగాలో తిట్లు తిన్న మనిషే ఇంత సూటిగా గీత గీసి చూపించింది. నా వాదన కూడా ఆ గీత చుట్టూనే. మహిళల ఫుట్‌బాల్‌కు విమర్శ కావాలి. గట్టి విమర్శే కావాలి. అయితే ఆ విమర్శ ఆట చూసి పుట్టాలి. తిట్టేవాడు ఆటను చూడటం లేదు. జాలిపడేవాడూ చూడటం లేదు. ఒక్క ఓటమితో మొత్తం ఆడవాళ్ల మీద తీర్పు చెప్పేవాడు అసలే చూడటం లేదు.

కార్టర్ ఆటను విమర్శించడానికి కారణాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. జులై 5న ఫ్రాన్స్‌తో తొలి మ్యాచ్‌లో ఇంగ్లండ్ 1-2తో ఓడింది. ఆ రోజు ఎడమవైపు కార్టర్‌ను ఫ్రాన్స్ వింగర్ డెల్ఫీన్ కాస్కరీనో పదేపదే దాటుకుపోయింది. ఆమె వేగాన్ని అందుకోవడం కార్టర్ వల్ల కాలేదు. అంత వేగంగా పరిగెత్తే ప్రత్యర్థికి ఎదురుగా కార్టర్‌ను ఆ స్థానంలో నిలబెట్టడం కోచ్ తప్పా, క్రీడాకారిణి లోపమా అన్నది అభిమానులు గంటలకొద్దీ వాదించుకోదగ్గ విషయం. స్వీడన్‌తో మ్యాచ్‌లో పాస్ తప్పడం, మార్పుల కోసం వీగ్‌మన్ 70వ నిమిషం దాకా ఆగడం కూడా అలాంటివే. ఈ విమర్శ ఎంత కటువుగా ఉన్నా అందులో అవమానం లేదు. వీగ్‌మన్ కూడా సెమీఫైనల్‌కు కార్టర్‌ను పక్కనపెట్టి మోర్గాన్‌ను తీసుకుంది. అంటే ఆట మీద అభిమానులకు వచ్చిన సందేహమే జట్టు నిర్ణయంలోనూ కనిపించింది. నాలుగు గోడల మధ్య కోచ్ చేసే పనిని స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు బిగ్గరగా చేస్తారు. ఆ హక్కు లేకపోతే టికెట్ కొని మ్యాచ్‌కు వెళ్లడంలో అర్థమే లేదు. ఆటను ఇంత నిశితంగా పట్టించుకునే జనం దొరకడం కోసం ఈ క్రీడ దశాబ్దాలపాటు ఎదురుచూసింది. 2025 యూరో మ్యాచ్‌లకు స్టేడియాలకు వచ్చిన ప్రేక్షకులు 6,57,291 మంది. మహిళల యూరోల్లో అదే రికార్డు. ఇంతమంది చూస్తున్నప్పుడు తప్పిన పాస్ ఎవరి కంటా పడకుండా ఉండదు, పడాలి కూడా.

ఇక రెండో రకం స్పందన. పాస్ తప్పినందుకు ఒంటి రంగును తిట్టేవాడికి ఆ పాస్‌తో పని లేదు. పాస్ ఒక సాకు. ఇంగ్లండ్‌కు ఇది కొత్త అనుభవమూ కాదు. 2021 జులై 11న పురుషుల యూరో ఫైనల్‌లో ఇటలీ మీద పెనాల్టీలు పోగొట్టుకున్న మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో, బుకాయో సాకా ముగ్గురూ నల్లజాతివాళ్లే. ఆ రాత్రి వాళ్ల మీద కురిసిన తిట్లు దేశాన్ని తలదించుకునేలా చేశాయి. ప్రధానమంత్రి దగ్గర్నుంచి ఫుట్‌బాల్ సంఘం దాకా అందరూ ఖండించారు, కొందరిని అరెస్టు చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి మహిళల జట్టుకూ అదే ఎదురైంది. ఈసారి ఇంగ్లండ్ గెలిచింది కూడా. ఓడిన కోపంలో నోరు జారారన్న పాత సమర్థన ఇక్కడ చెల్లదు. గెలిచి సెమీస్‌కు వెళ్లిన జట్టులోని మనిషిని తిట్టారంటే ఆ కసికి ఫలితంతో సంబంధం లేదనే కదా. మ్యాచ్‌కు ముందు జాతివివక్షకు నిరసనగా మోకాలి మీద కూర్చునే అలవాటును ఇంగ్లండ్ క్రీడాకారిణులు జులై 22న ఇటలీతో జెనీవాలో జరిగిన సెమీఫైనల్ నుంచి మానేశారు. ఫుట్‌బాల్ ఇంకో దారి వెతకాలన్నారు. దీని మీద అభిమానులు రెండుగా చీలారు. మానేయడం లొంగిపోవడమేనని కొందరు, ఉత్త సంకేతంగా మారిన పనిని వదిలేయడమే నిజాయితీ అని కొందరు. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది. కానీ ఆ చర్చలో ఒక సంగతి మరుగున పడింది: ప్రతిసారీ ఏదో ఒకటి చేసి చూపించే బరువు తిట్లు తిన్నవాళ్ల మీదే పడుతోంది. వాళ్లు మోకాలి మీద కూర్చోవాలి, లేదా నిలబడాలి, ప్రకటన రాయాలి, మళ్లీ మైదానంలోకి దిగి ఆడాలి. తిట్టినవాడి పక్కన కూర్చుని మ్యాచ్ చూసిన పదిమంది ఏం చేయాలో మాత్రం ఎవరూ అడగరు.

షూటౌట్ చూసి నవ్వినవాళ్ల వాదనను కొంచెం నింపాదిగా పరీక్షించాలి. ఎందుకంటే అది తిట్టులా వినిపించదు, లెక్కలా వినిపిస్తుంది. 14 కిక్‌లలో 9 పోయాయి కాబట్టి ఆడవాళ్లకు పెనాల్టీ కొట్టడం రాదన్నది ఆ లెక్క. సరే, పురుషుల ఆటనూ అదే కొలతతో చూద్దాం. 2022 ప్రపంచ కప్ ప్రీక్వార్టర్స్‌లో మొరాకో మీద స్పెయిన్ మూడు కిక్‌లు కొట్టి ఒక్కటీ గోల్ చేయలేకపోయింది. 2006 ప్రపంచ కప్‌లో ఉక్రెయిన్ మీద స్విట్జర్లాండ్ పరిస్థితీ ఇదే, మూడుకు సున్నా. 1986లో యూరోపియన్ కప్ ఫైనల్‌లో స్టావా బుకారెస్ట్ మీద బార్సిలోనా నాలుగు కిక్‌లూ పోగొట్టుకుని కప్పునే వదులుకుంది. ఈ మూడింటిలో ఏదీ మగవాళ్లకు పెనాల్టీ రాదనడానికి రుజువుగా ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు ఆ జట్టు ఒత్తిడికి లొంగిందన్నారు, గోల్ కీపర్ బాగా ఆడాడన్నారు, అంతే. పోనీ మహిళల మ్యాచ్‌లే తీసుకున్నా, 2023 ఆగస్టు 6న మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ ప్రీక్వార్టర్స్‌లో అమెరికా, స్వీడన్ మధ్య షూటౌట్ కూడా 14 కిక్‌లు సాగింది. అందులో 9 గోల్ అయ్యాయి, 5 పోయాయి. జ్యూరిక్ లెక్క సరిగ్గా తలకిందులు. అదే నెల 12న బ్రిస్బేన్‌లో ఫ్రాన్స్ మీద ఆస్ట్రేలియా 7-6తో గెలిచిన షూటౌట్ 20 కిక్‌ల దాకా వెళ్లింది. జ్యూరిక్ రాత్రి రెండు గంటల ఆట తర్వాత అలసిన కాళ్లతో, రెండు గోల్స్ వెనకబడి పుంజుకున్న జట్టుకూ, గెలుపు చేజారిన జట్టుకూ మధ్య జరిగిన షూటౌట్ అది. ఇద్దరు గోల్ కీపర్లూ అద్భుతంగా ఆడారు. ముక్కు నుంచి రక్తం కారుతుంటే గుడ్డ కుక్కుకుని గోల్‌లో నిలబడిన ఇంగ్లండ్ కీపర్ హానా హాంప్టన్‌ను, నాలుగు కిక్‌లు ఆపిన ఫాల్క్‌ను పక్కనపెట్టి కేవలం పోయిన కిక్‌లనే లెక్కించడం ఆట చూడటం అనిపించుకోదు.

మెల్‌బోర్న్ మ్యాచ్ దగ్గర కాసేపు ఆగాలి. అభిమానుల స్పందన ఆటను వదిలేసి ఎంత దూరం వెళ్లగలదో అది చూపించింది. 120 నిమిషాలూ అమెరికాదే పైచేయి. స్వీడన్ గోల్ కీపర్ జెచీరా ముసోవిచ్ 11 సార్లు బంతిని ఆపి జట్టును బతికించింది. షూటౌట్‌లో అమెరికా తరఫున మేగన్ రపీనో, సోఫియా స్మిత్, కెల్లీ ఒహారా కిక్‌లు పోయాయి. స్వీడన్‌కు ఆడే లీనా హుర్టిగ్ కిక్‌ను అమెరికా కీపర్ అలిస్సా నేహర్ ఆపినట్టే కనిపించినా బంతి వెంట్రుకవాసి తేడాతో గీత దాటిందని గోల్ లైన్ టెక్నాలజీ తేల్చింది. స్వీడన్ గెలిచింది. అంతకుముందు ఏ ప్రపంచ కప్‌లోనూ మూడో స్థానానికి తగ్గని అమెరికా అంత తొందరగా ఇంటిదారి పట్టడం అదే మొదటిసారి. అప్పుడు స్వీడన్‌లో సంబరాలు జరగడం సహజం. అమెరికాలోనే ఒక వర్గం సొంత జట్టు ఓటమిని పండగలా జరుపుకుంది. అప్పట్లో మాజీ అధ్యక్షుడి హోదాలో ఉన్న డొనాల్డ్ ట్రంప్ ఆ ఓటమిని దేశం భ్రష్టుపట్టిపోవడానికి గుర్తుగా చెబుతూ, రపీనో తన్నిన కిక్‌ను ఎద్దేవా చేస్తూ పోస్టు పెట్టారు. ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రపీనో తనంతట తాను రాజకీయాల్లోకి వచ్చింది, జాతీయ గీతం వేళ మోకాలి మీద కూర్చుంది, సమాన వేతనం కోసం కోర్టుకెక్కింది. అలాంటప్పుడు రాజకీయంగా జవాబిస్తే తప్పేంటి? తప్పు లేదు. ఆమె అభిప్రాయాలను ఎవరైనా ఖండించవచ్చు. కానీ పెనాల్టీ పోయింది కాబట్టి ఆమె అభిప్రాయం తప్పు అనడం వాదన కాదు. గోల్ పడి ఉంటే ఆమె అభిప్రాయం ఒప్పయిపోయేదా?

సమాన వేతనం సంగతే చూడండి. అమెరికా మహిళలు వేసిన కేసు 2022లో 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిష్కారంతో ముగిసింది, పురుషులతో సమానంగా చెల్లించే ఒప్పందమూ అదే ఏడాది కుదిరింది. మెల్‌బోర్న్ ఓటమి తర్వాత ‘ఇందుకేనా సమాన జీతం’ అన్నవాళ్లు కోకొల్లలు. ఆ మహిళలు అప్పటికి నాలుగుసార్లు, 1991, 1999, 2015, 2019లలో ప్రపంచ కప్ గెలిచారు. అమెరికా పురుషుల జట్టు 2017 అక్టోబర్‌లో ట్రినిడాడ్ అండ్ టొబాగో చేతిలో ఓడి 2018 ప్రపంచ కప్‌కు అర్హతే సాధించలేకపోయింది. అప్పుడు వాళ్ల జీతం కోయాలని ఎవరూ అడగలేదు. కోచ్‌ను అడిగారు, సంఘాన్ని అడిగారు, యువ ఆటగాళ్లను తయారుచేసే పద్ధతిని అడిగారు. అవి సరైన ప్రశ్నలు. మహిళల జట్టు ఓడినప్పుడు కూడా సరిగ్గా ఆ ప్రశ్నలే వేయాలి. ఓడిన మగ జట్టుకు వచ్చే ప్రశ్న ‘ఎందుకు ఓడారు’ అని. ఓడిన మహిళల జట్టుకు వచ్చే ప్రశ్న ‘అసలు మీరెందుకు ఆడుతున్నారు’ అని. ఈ తేడాను గుర్తించనంత కాలం మనం రెండు జట్లనూ ఒకే కళ్లతో చూస్తున్నామని చెప్పుకోలేం.

కటువైన విమర్శ ఎలా ఉండాలో అదే ప్రపంచ కప్‌లో ఒక ఉదాహరణ దొరుకుతుంది. 2023 ఆగస్టు 1న ఆక్లాండ్‌లో పోర్చుగల్‌తో అమెరికా 0-0తో డ్రా చేసుకుంది. అదనపు నిమిషాల్లో పోర్చుగల్ కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగలకుండా లోపలికి వెళ్లి ఉంటే అమెరికా గ్రూపు దశలోనే వెనుదిరిగేది. అయినా మ్యాచ్ అయ్యాక కొందరు క్రీడాకారిణులు నవ్వుతూ, చిందులేస్తూ కనిపించారు. టీవీ విశ్లేషకురాలిగా ఉన్న కార్లీ లాయిడ్ అది చూసి సహించలేకపోయింది. 2015 ప్రపంచ కప్ ఫైనల్‌లో జపాన్ మీద 16 నిమిషాల్లో మూడు గోల్స్ చేసిన మనిషి ఆమె. ఆ రోజు ఈ జట్టులో మేటి ఆట ఆడింది గోల్ స్తంభమేనని, ఇంకా టోర్నీలో ఉండటం వీళ్ల అదృష్టమని అనేసింది. కోచ్ వ్లాట్కో ఆండొనోవ్‌స్కీకి కోపం వచ్చింది. తమ జట్టు పట్టుదలను శంకించడం అన్యాయమన్నాడు. లాయిడ్ మాటల్లో కొంత అతి ఉందని నాకూ అనిపిస్తుంది. నవ్వు చూసి మనసును కొలవడం కష్టం. కానీ ఆమె వేలెత్తి చూపింది ఆటలోని మందకొడితనాన్ని, సిద్ధపాటు లోపాన్ని. ఎవరి పుట్టుకనూ, రూపాన్నీ ముట్టుకోలేదు. స్వీడన్ చేతిలో ఓటమి తర్వాత ఆండొనోవ్‌స్కీ రాజీనామా చేశాడు. కొత్త కోచ్ ఎమా హేస్ ఆధ్వర్యంలో అదే అమెరికా 2024 ఆగస్టు 10న పారిస్‌లో బ్రెజిల్ మీద 1-0తో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆ స్వర్ణానికి లాయిడ్ మాటలే కారణమని నేననను. జవాబుదారీతనం అడిగే వాతావరణం ఉన్నచోటే ఇలాంటి మార్పులు త్వరగా వస్తాయని మాత్రం అంటాను.

మహిళల ఆటను ప్రేమించేవాళ్ల నుంచే ఇంకో అభ్యంతరం వస్తుంది. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న ఆట ఇది, పురుషుల ఆటకు పెట్టే గీటురాయి దీనికి పెట్టకూడదు, ఇంకొన్నేళ్లు మెచ్చుకుంటూనే ఉండాలి అంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కారణమూ లేకపోలేదు. ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ జట్టు మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగని ఆట అని తీర్మానించి తన పరిధిలోని మైదానాలను వాళ్లకు మూసేసింది అక్కడి ఫుట్‌బాల్ సంఘం. ఆ నిషేధం దాదాపు అర్ధ శతాబ్దం సాగింది. అన్నేళ్లు మైదానమే లేకుండా చేసి, ఇప్పుడు నాణ్యత ఏదని అడిగేవాళ్ల మీద కోపం రావడం న్యాయమే. అయినా ఆ అన్యాయానికి విరుగుడు జాలి కాదు. తప్పటడుగులు వేసే పసిబిడ్డకు కొట్టే చప్పట్లు వేరు, పదేళ్లుగా వృత్తిగా ఆడుతున్న క్రీడాకారిణికి కొట్టే చప్పట్లు వేరు. మొదటి రకం చప్పట్లు ఆమెకు కొడితే ఆమె శ్రమను తక్కువ చేసినట్టే. కార్టర్ చెల్సీలో ఏళ్ల తరబడి ఆడి లీగ్ టైటిళ్లు గెలిచిన మనిషి. ఆమె పాస్ తప్పితే ‘పాపం’ అనడం కన్నా ‘అంత ఒత్తిడిలో ఆ పాస్ ఇవ్వాల్సింది కాదు’ అనడమే ఆమె స్థాయికి తగిన మాట. ఇంకా చెప్పాలంటే, ఈ జాలి తిట్టేవాళ్ల పనిని తేలిక చేస్తుంది. ఆట మీద మాట్లాడాల్సినవాళ్లు మొహమాటంతో మౌనంగా ఉంటే ఆ ఖాళీని బూతులు నింపుతాయి.

‘తిట్టేవాళ్లు నలుగురైదుగురే, పట్టించుకోకపోతే పోతుంది’ అన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. 2023 మహిళల ప్రపంచ కప్ సమయంలో ఫిఫా, క్రీడాకారుల సంఘం ఫిఫ్‌ప్రో కలిసి 35 భాషల్లో దాదాపు 51 లక్షల పోస్టులను, కామెంట్లను పరిశీలించాయి. ప్రతి ఐదుగురు క్రీడాకారిణుల్లో ఒకరికి వివక్షతోనో బెదిరింపుతోనో కూడిన సందేశాలు వచ్చాయని తేలింది. అంతకుముందు ఏడాది ఖతార్‌లో ఆడిన మగ ఆటగాళ్లతో పోలిస్తే వీళ్లు లక్ష్యం కావడానికి 29 శాతం ఎక్కువ అవకాశం ఉందట. నిర్ధారించిన దూషణల్లో దాదాపు సగం లైంగికమైనవి, లేదా ఆడవాళ్లని, స్వలింగ ఇష్టం ఉన్నవాళ్లని కించపరిచేవి. అన్ని జట్లలోకీ ఎక్కువ తిట్లు పడ్డది అమెరికా జట్టుకు. ఐదుగురిలో ఒకరంటే మైదానంలో ఉన్న పదకొండుమందిలో ఇద్దరు. ‘పట్టించుకోవద్దు’ అన్న సలహా ఆ ఇద్దరికి ఇచ్చి మనం చేతులు దులుపుకోవడం కుదరదు. ఇంకో భ్రమ కూడా ఉంది. ఇదంతా ఊరూ పేరూ లేని కుర్రకారు పని అని అనుకుంటాం. కార్టర్ కేసులో ఇంగ్లండ్ పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి వయసు అరవైకి దగ్గరపడింది. ఫోన్ వెనక దాక్కుంటే దొరకమన్న ధీమా కూడా అక్కడ చెల్లలేదు.

పేరు, డబ్బు వచ్చాక మాటలు పడక తప్పదనేవాళ్లూ ఉంటారు. విమర్శ పడక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ పేరుకు మూల్యంగా ఒకరి పుట్టుకను తిట్టించుకోవాలన్న షరతు ఏ ఒప్పందంలోనూ ఉండదు. పైగా ఈ వాదనలో లెక్క కూడా తేడాగా ఉంది. మహిళల ఫుట్‌బాల్‌లో చాలా దేశాల జట్ల క్రీడాకారిణులకు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. తిట్లు మాత్రం ముందే వచ్చేశాయి. భావ ప్రకటన స్వేచ్ఛ మాట ఎత్తేవాళ్లను ఒక్కటే అడుగుతాను. తిట్లకు భయపడి ఒక క్రీడాకారిణి సోషల్ మీడియా వదిలి వెళ్లిపోతే పోయింది ఎవరి స్వేచ్ఛ? సెమీఫైనల్ ఆడబోయే ముందు కార్టర్ నోరు మూయించాలని చూశారు. ఆమె నోరు మూయలేదన్నది ఆమె గొప్పతనం. జులై 27న బాసెల్‌లో స్పెయిన్‌తో ఫైనల్‌కు ఆమె మళ్లీ మొదటి పదకొండుమందిలో ఉంది, వెనకవరసలో నిబ్బరంగా ఆడింది. 1-1 తర్వాత షూటౌట్‌లో 3-1తో ఇంగ్లండ్ కప్పు నిలబెట్టుకుంది. అలాగని ఆ గెలుపును తిట్లకు జవాబుగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఫైనల్‌లోనూ ఆమె పాస్ తప్పి ఇంగ్లండ్ ఓడి ఉంటే? అప్పుడు కూడా ఆ తిట్లు అంతే తప్పు. బాగా ఆడి మర్యాద సంపాదించుకోవాలన్న నియమం ఒప్పుకుంటే, సరిగా ఆడని రోజున మర్యాద తీసేయవచ్చని ఒప్పుకున్నట్టే.

ఇదంతా యూరప్, అమెరికాల గొడవ అని తెలుగు పాఠకుడు పక్కకు నెట్టేయలేడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో హైదరాబాదీ మహ్మద్ సిరాజ్‌ను స్టాండ్స్ నుంచి తిట్టినప్పుడు ఆట కాసేపు ఆగింది, మనందరికీ రక్తం ఉడికింది. అదే ఏడాది ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్స్ మహిళల హాకీ సెమీఫైనల్‌లో మన జట్టు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడింది. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గరున్న రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ చేసి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళగా నిలిచిన అమ్మాయి ఇల్లు అది. సిడ్నీలో మనవాడికి జరిగితే జాత్యహంకారం, రోష్నాబాద్‌లో జరిగితే ఊరి తగాదా అనుకోగలమా? 2016లో పి.వి. సింధు రియో ఫైనల్లో కరోలినా మారిన్‌తో తలపడుతున్న రోజుల్లో, ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవాళ్లు ఒక్కసారిగా పెరిగారని, వాళ్లలో తెలుగువాళ్లే ముందున్నారని వార్తలొచ్చాయి. అది తిట్టు కాదు, నిజమే. కానీ ఆమె ఆడుతున్న ఆటను వదిలేసి పుట్టుకను ఆరా తీసే చూపు మాత్రం అదే. గెలిచినప్పుడు కులం వెతికే కన్ను ఓడినప్పుడు కులం తిట్టే నోటికి దూరపు బంధువేమీ కాదు.

ఫుట్‌బాల్ విషయంలో మనది మరో రకం తప్పు: అసలు చూడకపోవడం. ఫ్రాన్స్ చేతిలో ఇంగ్లండ్ ఓడిన 2025 జులై 5నే చియాంగ్ మాయ్‌లో భారత మహిళలు థాయ్‌లాండ్‌తో తలపడ్డారు. ఇద్దరికీ సమాన పాయింట్లు, సమాన గోల్ తేడా. గెలిచినవాళ్లకే ఆసియా కప్ బెర్తు. పేరుకు క్వాలిఫయర్ గానీ నిజానికి నాకౌటే. సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్‌తో భారత్ 2-1తో గెలిచి, అర్హత పోటీల ద్వారా తొలిసారి ఆసియా కప్‌లో అడుగుపెట్టింది. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర ఆ మ్యాచ్ మీద వాదన జరిగిన దాఖలా లేదు. భారత జట్టుకు ఆడే గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. ఈస్ట్ బెంగాల్ తరఫున ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచి, 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఆమె వింగ్ మీద ఎలా పరిగెడుతుందో, ఎక్కడ తడబడుతుందో చెప్పగల అభిమానులు మనలో ఎంతమంది? తెలుగు క్రీడా పేజీలు ఆమె అవార్డు ఫొటో వేయడంతో సరిపెట్టుకోకుండా ఆమె మ్యాచ్‌ల విశ్లేషణ రాయాలి. పాఠకులు ఆ మ్యాచ్‌లు చూడాలి. ఆమె గోల్ పోగొడితే గట్టిగా అడగండి, కోచ్ తప్పు చేస్తే నిలదీయండి, జట్టు ఓడితే సమాఖ్యను ప్రశ్నించండి. ఆమె కులం, రంగు, రూపం జోలికి ఎవరైనా వస్తే, మీ పక్కన కూర్చున్నవాడైనా సరే, అక్కడికక్కడే ఆపండి.